సన్యాసిరావు మాట, నా కొలత

నేను ఒక పెగ్గు కొలతని. ముఖం అలా పెట్టకండి, పూర్తిగా వినండి. బార్లో మందు కొలిచి గ్లాసులో పోస్తారే, రెండు వైపులా మూతులున్న స్టీలు గిన్నె, అదే నేను. చిన్న మూతి స్మాల్, పెద్ద మూతి లార్జ్, మధ్యలో సన్నటి నడుం. అచ్చం ఢమరుకంలా ఉంటాను. శివుడి చేతిలో ఉండాల్సిన ఆకారం విశాఖపట్నంలో ఒక సన్యాసి చేతిలో పడింది. సన్యాసి అంటే మనిషి పేరు సన్యాసిరావు, పని బార్లో మందు పొయ్యడం. తను మాత్రం చుక్క ముట్టడు.

నా పుట్టుక గొప్పదేం కాదు. ఆటోనగర్లో ఒక రేకుల షెడ్డులో ఇడ్లీ పాత్రలు చెయ్యగా మిగిలిన ముక్కలోంచి పుట్టాను. నా తోడబుట్టిన ఇడ్లీ రేకులన్నీ మంచి సంసారాల్లో పడ్డాయి. నన్ను మాత్రం స్టీలు సామాన్ల కొట్లో గరిటెల మధ్య వేలాడదీశారు. నేనేమిటో కొట్టువాడికే తెలీదు. ఒకరోజు కామేశ్వరమ్మ గారని, ఒక హెడ్మాస్టరు గారి భార్య, నన్ను చూసి ముచ్చటపడి కొనుక్కుపోయి దేవుడి గదిలో పెట్టారు. మామూలు రోజుల్లో పై మూతిలో కుంకుమ. శుక్రవారం నన్ను తలకిందులు చేసి రెండో మూతిలో పసుపు. హాయిగా గడిచిపోతుండగా ఆవిడ మేనల్లుడు, ఓడల్లో పనిచేసేవాడు, సెలవుకి వచ్చాడు. హారతి కళ్ళకద్దుకోబోతూ నన్ను చూసి, నవ్వాపుకోలేక గోడ పట్టుకున్నాడు. "అత్తా, ఇది మందు కొలిచేదే" అన్నాడు. ఆ సాయంత్రానికి నేను పాతబట్టలకి స్టీలు సామాన్లిచ్చే ఆవిడ గంపలో ఉన్నాను. అక్కణ్ణుంచి హంసధ్వని బార్ అండ్ రెస్టారెంట్ కౌంటరు మీదికి.

దేవుడి గదిలో ఉన్నన్నాళ్ళూ నామీద ఎవరూ ఏమంత నమ్మకం పెట్టుకోలేదు. బారుకొచ్చాకే చూశాను, ఊరంతా నన్ను నమ్మడం.

అదెలాగో చెప్తాను. మా బార్లో శనివారం పూట పాట ఉంటుంది, చిన్న స్టేజీ, రెండు స్పీకర్లు. ఊళ్ళో ఇంకా చాలాచోట్ల ఉంటాయి: బీచ్ రోడ్డులో కుర్రాళ్ళ బ్యాండు, హోటలు మేడ మీద గజల్స్, కల్యాణమంటపాల్లో పాత పాటల ఆర్కెస్ట్రా. తాగేవాళ్ళందరూ సన్యాసిరావుని ఒకటే అడిగేవారు: "ఈవారం ఏది వినొచ్చు గురూ?" పాపం ఆయనకి సంగీతమంటే ప్రాణం. ఏది విన్నా బాగానే ఉంటుంది, పాలవ్యాను హారనుతో సహా. మొదట్లో నోటికొచ్చినట్టు "అదిరిపోతాది, ఎల్లండి" అనేవాడు. వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి నానా తిట్లూ తిట్టేవారు. ఆయన అందరి తిట్లూ గుండెల్లో పెట్టుకునే రకం. తన చెవుల మీద తనకే నమ్మకం పోయింది. ఎవరి మీదా పక్షపాతం లేని కొలతొకటి కావాలని వెతుక్కుని, చివరికి సీతాపతి గారి కాలి బొటనవేలి దగ్గర ఆగాడు.

సీతాపతి గారు పోర్టులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. రోజూ చివరి ఎత్తుకుర్చీ ఆయనదే. చెప్పులు కింద వదిలేసి, కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటారు. సన్యాసిరావు కనిపెట్టిందేమిటంటే, పాట జరుగుతుండగా ఏదో ఒక పెగ్గు దగ్గర ఆయన బొటనవేలు ఆడటం మొదలెడుతుంది. ఒకసారి రెండో స్మాల్‌కి, ఇంకోసారి మూడోదానికి. అంటే ఆ పాట ఎక్కడానికి అంత మందు పట్టిందన్నమాట. ఎంత తక్కువ పడితే అంత మంచి సంగీతం. గురువారం మధ్యాహ్నం ఊళ్ళోని బ్యాండ్లన్నీ మా స్టేజీ మీదే రిహార్సల్ చేసుకునేలా ఓనరుతో మాట్లాడి ఒప్పించాడు. ఆవేళ సీతాపతి గారికి నాతో కొలిచి పొయ్యడం, వంగుని వేలు చూడటం. ఆ ఆతిథ్యం ఎందుకో బ్యాండ్లవాళ్ళందరికీ తెలుసు, సీతాపతి గారికి తప్ప. రిటైరైనా తన పరపతి తగ్గలేదని అనుకునేవారు.

సాయంత్రం గుమ్మం దగ్గర బోర్డు మీద "సన్యాసిరావు మాట" అని రంగు సుద్దతో రాసేవాడు. కొన్ని నాకిప్పటికీ నోటికి వచ్చు.

"శుక్రవారం, బీచ్ రోడ్డు, కుర్రాళ్ళ బ్యాండు. రెండు స్మాల్. స్పీకరుకి దూరంగా కూర్చుంటే ఒకటి చాలు."

"ఆదివారం, మేడ మీద గజల్స్. ఒక లార్జ్. ఏడుపొస్తే నాకు పూచీ లేదు."

"పాత పాటల ఆర్కెస్ట్రా. మూడు స్మాల్. మధ్యలో పాడేవాడు తన జీవితం చెప్తాడు, అప్పటికి ఇంకోటి దాచుకోండి."

మీరు నవ్వుతున్నారు గానీ ఊరు నవ్వలేదు. బ్యాండ్లవాళ్ళు పోస్టర్ల మీద "కేవలం ఒక్క స్మాల్" అని వేయించుకున్నారు. పెళ్ళివారు బారుకి ఫోన్ చేసేవారు. "ఆ ఆర్కెస్ట్రా పెడదామనుకుంటున్నామండీ, ఎన్ని పెగ్గులు?" "రెండండి." "మా వైపు ఎవరూ తాగరండీ." "అయితే వద్దండి, ఇబ్బంది పడతారు." ఒక సంగీతం మేష్టారు శిష్యుల అరంగేట్రానికి ముందు మమ్మల్ని ఒకమాట అడిగి వెళ్ళడం మొదలెట్టాడు. నేను కౌంటరు మీద బోర్లా పడుకుని ఇవన్నీ వింటూ ఉండేదాన్ని. మనుషులకి తమకి నచ్చిందో లేదో కూడా ఇంకొకరు కొలిచి చెప్పాలి కాబోలనుకున్నాను.

ఆ రోజుల్లోనే ఒక డ్రమ్ముల కుర్రాడికి మూడు స్మాల్ పడింది. బోర్డు చూసి నేరుగా కౌంటరుకొచ్చి, "దీంతోనేనా కొలిచింది?" అని డ్రమ్ము కర్రతో నా చిన్న మూతి మీద ఒక్కటిచ్చాడు. వాడి జన్మలో తాళానికి సరిగ్గా పడ్డ దెబ్బ అదొక్కటే. నాకు సొట్ట పడింది. సన్యాసిరావు నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "సొట్ట బయట కదా, లోపలికేటి అవుద్ది" అని తుడిచి పెట్టేశాడు. ఓనరు కూడా చూశాడు, ఔనన్నాడు. బయట నొక్కుకుపోయింది లోపలికే వస్తుందని మా బార్లో ఎవరికీ తట్టలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది తలుచుకుంటే నాకు కొంచెం బాధగానే ఉంటుంది.

సన్యాసిరావుకి ఒక్కగానొక్క చెల్లెలు, రత్నాలు. ఆవిడ భర్త వరహాలు పెళ్ళిళ్ళ బ్యాండుమేళంలో క్లారినెట్టు వాయిస్తాడు. డీజేలొచ్చాక మేళాల్ని పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. ఏడాదికి పైగా అయ్యింది, వరహాలు ఒక్కడే కూర్చుని క్లారినెట్టు కచేరీ చేస్తానని మా ఓనరుని అడిగాడు. "మీ బావ మాట ఏటంటే అదే. రెండు స్మాల్ లోపు పడితే ప్రతి శనివారం నీదే" అన్నాడు ఓనరు. ఆ గురువారం వరహాలు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి వాయించాడు. సన్యాసిరావు సీతాపతి గారికి ఒకటి పోశాడు, వేలు కదల్లేదు. రెండు, లేదు. మూడు, లేదు. సన్యాసిరావు ఇంకా కిందికి వంగి చూశాడు. నాలుగోదానికి సీతాపతి గారు నిద్రపోయారు.

ఇంకెవరైనా అయితే చెల్లెలి మొగుడు కదా అని ఒకటి తగ్గించి రాసేవారు. ఈయన రాయలేదు. "వరహాలు క్లారినెట్టు. నాలుగు స్మాల్" అని సుద్దతో రాసి, కౌంటరు వెనక్కొచ్చి, నన్ను కడిగిందే కడిగాడు.

శనివారాలు డీజేకి పోయాయి. వరహాలు క్లారినెట్టుని పెట్టెలో పెట్టి బీరువా మీదికెక్కించేశాడు. బోర్డు రాసిన మర్నాడు రత్నాలు బారు వెనక గేటు దగ్గరికి వచ్చింది. "మా పెళ్ళిలో ఈయన వాయించినప్పుడు పందిట్లో నువ్వే గెంతినావు కదా అన్నియ్యా. ఆ రోజు ఎన్ని తాగి గెంతినావు?" అంది. ఆవిడ అంతే, అన్నతో మాటలు మానేసింది. కార్తీకంలో విదియనాడు చెల్లెలి చేతి భోజనం చెయ్యడం వాళ్ళిద్దరికీ చిన్నప్పట్నించి ఉన్న అలవాటు. ఆ ఏడు పిలుపు రాలేదు. ఆవేళ సన్యాసిరావు బార్లో మిర్చిబజ్జీ ఒకటి తుంచి, తినకుండా పక్కన పెట్టేశాడు.

ఇలా ఉండగా ఒక గురువారం తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. స్టేజీ దగ్గర మూడు బ్యాండ్లవాళ్ళు వాయిద్యాలతో కూర్చుని ఉన్నారు. ఇన్‌స్పెక్టరు గారు నన్ను చూడగానే నుదురు చిట్లించి, సంచిలోంచి గీతలున్న గాజు గొట్టం తీసి, నా చిన్న మూతితో నీళ్ళు పోశారు. నీళ్ళు ముప్ఫై మిల్లీలీటర్ల దాకా రావాలి. ఇరవైమూడు దగ్గరే ఆగిపోయాయి.

"ఎన్నాళ్ళుగా ఇలా పోస్తున్నారయ్యా?" అన్నారు.

తాగేవాళ్ళు ఒక్కరు కూడా కిమ్మనలేదు. పెగ్గుకి అంత తరుగు పోయినవాళ్ళు వాళ్ళే, అయినా పల్లీలు నవులుతూ కూర్చున్నారు. లేచింది సంగీతంవాళ్ళు. "అంటే నా మూడు స్మాల్ మూడు కాదన్నమాట" అని గిటారువాడు. "నావి రెండున్నర కూడా లేవు, చూడండి లెక్క" అని ఆర్కెస్ట్రా ఆయన. "ఆ మూడు వల్ల నాకు పిల్లనిస్తానన్నవాళ్ళు వెనక్కి తగ్గారు సార్" అని కీబోర్డు కుర్రాడు. అందరూ కలిసి ఇన్‌స్పెక్టరు గారి చుట్టూ మూగారు.

"బాబూ, సంగీతం మా చట్టంలో లేదు. పాలు, పెట్రోలు, బంగారం, ఇలాంటివి" అన్నారాయన.

"కొలిచింది మీ కొలతతోనే కదండీ?"

ఆయన ఆ మాటకి నిజంగానే ఆలోచనలో పడ్డారు. కుర్చీ లాక్కుని కూర్చుని, సోడా తెప్పించుకుని తాగి, చివరికి ఇలా తేల్చారు: ఈ సొట్ట కొలత చెల్లదు. ముద్ర ఉన్న కొత్త కొలతతో, అదే కుర్చీలో, అదే మనిషికి పోసి, వచ్చే గురువారం మళ్ళీ కొలవాలి. తను స్వయంగా వస్తారు. అని నా నడుం మీద మేకుతో రెండు అడ్డగీతలు గీశారు, ఇక పనికిరానని గుర్తు. దేవుడి గదిలోంచి వెళ్ళగొట్టినప్పుడు కూడా నాకంత చిన్నతనం అనిపించలేదు.

కబురు రత్నాలుకి చేరింది. ఆ వారం బీరువా మీంచి పెట్టె దిగింది.

గురువారం బారు కిటకిటలాడింది. ఇన్‌స్పెక్టరు గారు కొత్త కొలతని కౌంటరు మీద పెట్టారు. తళతళలాడుతూ నా పక్కన నిలబడి నావైపు చూడనైనా చూడలేదు. వరహాలు అదే ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. రత్నాలు గుమ్మం పక్కన నిలబడింది. అప్పుడు సీతాపతి గారు లోపలికి వచ్చారు. కాళ్ళకి బూట్లు.

"బూట్లు విప్పండి" అన్నారు పదిమంది ఒకేసారి.

పెద్దాయన హడలిపోయారు. "ఎందుకయ్యా? నేను మందు మానేశాను. డాక్టరు పొద్దున్నే నడవమన్నాడు, అందుకే బూట్లు కొన్నాను. ఈవేళ ఊరికే చెప్పి పోదామని వచ్చాను."

ఇక దాచి లాభం లేక సన్యాసిరావు అన్నీ విప్పి చెప్పాడు. వేలు సంగతి, పెగ్గుల సంగతి, బోర్డు సంగతి. సీతాపతి గారు నోరు తెరుచుకుని విన్నారు. విని, తన కుర్చీ వైపు చూపించారు.

"సన్యాసీ, ఆ కుర్చీ అంచు తొడకింద నొక్కుతాది. కాసేపు కూర్చునేసరికి కాలు తిమ్మిరెక్కిపోతాది. తిమ్మిరి వదలాలని వేలు ఆడిస్తాను. సంగీతమా? నాకు ఆ గోల పడదు. మీ రిహార్సళ్ళు మొదలవ్వగానే చెవుల్లో దూది పెట్టుకుంటాను." జేబులోంచి దూది ఉండలు తీసి చూపించారు కూడా.

సన్యాసిరావు ఆ దూది ఉండల్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. తిప్పి, "మా బావ వాయించినవేళ అసలు ఆడించలేదేటండీ?" అన్నాడు.

"ఏవేళ? ఆ, కుర్చీకి కొత్త దిండేశారే, ఆవేళ. ఎంత సుఖంగా ఉందో. నిద్ర పట్టేసింది."

ఇన్నాళ్ళూ ఊరు విన్న సంగీతమంతా ఒక కుర్చీ అంచు చెప్పిందే. పోస్టర్ల మీద "ఒక్క స్మాల్" వేయించుకున్నవాళ్ళు అందరికంటే ముందు గిటార్లు భుజానేసుకుని జారుకున్నారు. ఇన్‌స్పెక్టరు గారు కొత్త కొలతని సంచిలో వేసుకుని, "ఫర్నిచరు మా శాఖ కాదు" అని లేచారు. లేచారు గానీ వెళ్ళలేదు, గోడకి చేరగిలబడ్డారు. ఏం జరుగుతుందో చూద్దామని ఆయనకీ ఉంది.

రత్నాలు కౌంటరు దగ్గరికి వచ్చింది. అన్న ముఖం చూడలేదు. నన్ను చేతిలోకి తీసుకుని నాతోనే అంది, "ఇదిగో, ఈ సన్యాసిరావు గారికి సొంత చెవులేమైనా ఉన్నాయేమో అడుగు. ఉంటే, వాటితో ఒకసారి వినమను."

వరహాలు పెట్టె తెరిచాడు. ఏడాదిగా మూలపడి ఉన్న క్లారినెట్టు. తుడిచి, ఊదేచోట ఉండే రీడుని నోట్లో తడుపుకుని, వాళ్ళ పెళ్ళి ఊరేగింపులో వాయించిన పాటతో ఎత్తుకున్నాడు.

సన్యాసిరావుకి ఎటు చూడాలో తెలీలేదు. అలవాటు చొప్పున, అప్పటికి తన కుర్చీలో చేరిన సీతాపతి గారి కాలి వైపు వంగాడు. ఆయన గబుక్కున బూట్లు కుర్చీ కిందికి లాగేసుకున్నారు. ఇక చూడటానికేమీ లేదు. నిటారుగా నిలబడి విన్నాడు. మొదటి పాట అయ్యింది. రెండో పాటలో పైకి వెళ్ళేచోట వరహాలు తడబడ్డాడు, స్వరం పక్కకి పోయింది. సన్యాసిరావు ముఖం చిట్లించడం నేను చూశాను, రత్నాలు చూసింది. పాట కిందికి దిగేసరికి ఆయన కళ్ళు తుడుచుకుంటున్నాడు, అదీ చూశాం. నాకు గొప్ప సంతోషం కలిగింది. అన్నాళ్ళ పరిచయంలో ఆ మనిషి దేన్నైనా తనంతట తను వినడం అదే మొదలు.

పాట అయ్యాక ఎవరితోనూ మాట్లాడకుండా బోర్డు దగ్గరికి వెళ్ళాడు. సుద్ద రెండుసార్లు విరిగింది. రాసింది ఇది:

"శనివారం, ఇక్కడే. వరహాలు క్లారినెట్టు. రెండో పాటలో ఒకచోట శ్రుతి తప్పుతాడు. నేను వింటాను."

పెగ్గులెన్నో రాయలేదు.

రత్నాలు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. చదివి, అన్న వైపు తిరిగింది. "శ్రుతి తప్పుతాడని రాయకపోతే ఏటి అన్నియ్యా?"

ఏడాది తరవాత అన్నతో ఆవిడ అన్న మొదటి మాట అదే.

"తప్పాడు కదమ్మా" అన్నాడు సన్యాసిరావు.

"తప్పాను" అన్నాడు వరహాలు స్టేజీ మీంచి. "ఊపిరి అందలేదు బావా. శనివారానికి చూసుకుంటాను."

ఆ శనివారం జనం కొద్దిమందే వచ్చారు. ఎంత తాగాలో బోర్డు మీద లేకపోయేసరికి వాళ్ళకి ఏం చెయ్యాలో పాలుపోలేదు. కొందరు మెనూ కార్డు అటూ ఇటూ తిప్పుతూ, ఆర్డరు చెప్పడం మరిచిపోయి చివరిదాకా వినేశారు. ఓనరు గొణిగాడు గానీ ఇంకో శనివారం ఇచ్చాడు. తరవాత ఇంకోటి. ఇన్‌స్పెక్టరు గారు కూడా వస్తున్నారట, సోడా తాగి వెళ్తున్నారట. సన్యాసిరావు బోర్డు మీద ఇప్పుడు అంకెలుండవు. "బాగుంది" అనో, "నాకు ఎక్కలేదు, మీకు ఎక్కొచ్చు" అనో ఉంటుంది. తిట్టేవాళ్ళు తిడుతూనే ఉన్నారని, ఆయన ఎదురు తిట్టడం కూడా నేర్చుకున్నాడని విన్నాను.

విన్నాను అంటున్నానేమిటంటే నేనిప్పుడు బార్లో లేను. గీతలు గీసిన కొలతని బార్లో ఉంచకూడదట. పాతసామాన్ల గోనెలో వెయ్యబోతుంటే రత్నాలు అడ్డుపడి, కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చేసింది. వంటింట్లో నెయ్యి డబ్బా పక్కన ఉంటున్నాను. ఇడ్లీ రేకులు కూడా ఉన్నాయి ఇక్కడ, ఏ షెడ్డులో పుట్టాయో అడగాలి.

మొన్న కార్తీకంలో విదియనాడు సన్యాసిరావు భోజనానికి వచ్చాడు. విస్తరి వేసి, ముద్దపప్పు వడ్డించి, రత్నాలు నన్ను నేతిలో ముంచి అన్నగారి అన్నం మీద ఒంపింది. ఆయన నన్ను గుర్తుపట్టి చెయ్యి అడ్డం పెట్టి, "చాలమ్మా, ఒక స్మాల్ పడింది" అన్నాడు.

"ఏటి చాలు? సొట్ట ఉంది, తరుగు పోతాది" అని ఆవిడ నన్ను మళ్ళీ ముంచి ఇంకోసారి పోసింది. నా సొట్ట వల్ల ఒకరికి రావాల్సినదానికంటే ఎక్కువ దక్కడం అదే మొదటిసారి.